శనికి పేరెట్టిన మంత్రసాని

అంకాలమ్మని ఒక మంత్రసాని ఉండేదంట. నోరు పెద్దది, చెయ్యి మెత్తన. ఏమైందంటే, ఓ పొద్దు ఆమె గుమ్మం ముందుకి సూర్యుడి ఇంటి దాసీ వచ్చి, అమ్మా, మా ఛాయమ్మగారు, అదే, సూర్యుడి పెళ్ళాం, నొప్పులు పడతంది, మూడు రోజులైంది, బిడ్డ రాడు, అయ్యగారేమో గుమ్మం వదిలి కదలడు అందంట. "ఓసి నీ ఇల్లు బంగారంగానూ, అందుకా పొద్దు గుంకట్లేదు! చేలు మాడిపోతన్నాయి, కోళ్ళు నిద్రపోవట్లా, మా ఆయన మూడు రోజుల్నించీ మధ్యాన్నం అన్నమే అడగతన్నాడు, పద పద" అని కొంగు దోపుకుని బయల్దేరింది. ఎట్టా ఎక్కిందని అడక్కండి, ఎక్కిందంతే.

వెళ్ళి ఛాయమ్మ పొట్ట మీద చెయ్యేసి చూసి, ఛాయంటే నీడ కదయ్యా, నీడ కడుపులో బిడ్డ నీ వెలుగుకి జంకతన్నాడు, నువ్వవతలికి పో అందంట. "నేనెవర్నో తెలుసా?" అన్నాడు సూర్యుడు. "ఎందుకు తెలీదూ, మా వడియాలు ఎండబెట్టేవాడివి. పో!" పోయాడు పాపం, కొండ చాటుకి. ఇక్కడ కింద సాయంత్రమైంది, కోళ్ళు పడుకున్నాయి. అప్పుడీమె పొట్ట నిమురుతా, "నెమ్మదిగా రా నాయనా, నెమ్మది, నెమ్మది" అంటా ఉంది. దేవుళ్ళ ఇళ్ళల్లో కాన్పప్పుడు మంత్రసాని నోట వచ్చిన మాటే బిడ్డకి పేరంట. రాసుకోటానికి బృహస్పతి పంతులు తాటాకు పట్టుకుని వసారాలో కూర్చున్నాడు. ఆయనకి సంస్కృతం తప్ప చెయ్యాడదు. నెమ్మదిని సంస్కృతంలో శనైః అంటారంట, అదే గీకేశాడు.

బిడ్డ పుట్టాడు. కాటుకలాగా ఉన్నాడు. సూర్యుడు పరిగెత్తుకొచ్చి చూసి, ఇంత నలుపా, వీడు నా బిడ్డ కాదు పొమ్మన్నాడు. ఛాయమ్మ గోడవైపు తిరిగి ఏడ్చింది. అంకాలమ్మకి ఒళ్ళు మండిపోయింది. "మూడు రోజులు మాడ్చిందెవరు, నువ్వు కాదూ? అట్టు మాడితే తప్పు అట్టుదా, పొయ్యిదా?" అంది. అంతలో ఆ పసికందు ఒక్క కన్ను తెరిచి అయ్యవైపు చూశాడు. అంతే, సూర్యుడు మసిగుడ్డలాగా నల్లబడిపోయాడు! "ఇంకేం, ఇప్పుడు అయ్యదీ కొడుకుదీ ఒకటే పోలిక" అందంట అంకాలమ్మ. "నా కొడుకే, నా కొడుకే, కన్ను మూయించు తల్లీ!" అని లబలబలాడాడు. ఈమె పిల్లోడి కళ్ళ మీద చెయ్యడ్డం పెట్టింది, లోకానికి వెలుగొచ్చింది. అప్పుడు సూర్యుడు ఛాయమ్మ పక్కన కూర్చుని, తప్పైందే అని, బిడ్డని ఒళ్ళోకి తీసుకున్నాడంట.

ఆ పేరుకి తగ్గట్టే వాడు నెమ్మదిగా నడవబట్టి శనైశ్చరుడన్నారు, అది జనం నోట్లో నలిగి శని అయింది. అయ్య చుట్టూ ఒక్కసారి తిరిగి రావటానికి ముప్పై ఏళ్ళు పడతది అనుకో. నేననేదేంటంటే, ఆ పంతులు తిన్నగా తెలుగులో రాసుంటే నెమ్మదయ్య అయ్యుండేవాడు. నెమ్మదయ్య పట్టాడంటే ఎవుడన్నా దడుచుకుని నూనె పోస్తాడా చెప్పండి? కూర్చోమని మజ్జిగిస్తాం.