గరిటమ్మ మోసిన సంచీ

ఎవరూ, మీ కొత్త హాల్లో ఫొటో పెట్టారే, ఆవిడా? రాసుకో మరి. ముందు ఆ ఫొటో కింద 'వ్యవస్థాపక సభ్యురాలు' అని రాయించారే, అది కొట్టెయ్యి. సభ్యురాలట! ఆవిడ మొదలుపెట్టిన నాడు ఈ సభ్యులందరూ ఏ కలుగులో ఉన్నారో అడుగు. నువ్వు ఫుడ్ బ్యాంకులో చేరి ఎన్నాళ్ళయిందమ్మా? రెండు నెలలా? అయితే నీకెవరూ చెప్పుండరు. నేను మీ ఫుడ్ బ్యాంకు మొదటి వ్యాను డ్రైవర్ని. వ్యానంటే వ్యాను కాదులే, డబ్బా. తోస్తే కదిలేది, ఆపాలంటే దేవుణ్ణి తలుచుకోవాలి.

గరిటమ్మ అనేవాళ్ళం. అసలు పేరుతో ఎవరూ పిలిచింది లేదు. స్కూల్లో మధ్యాహ్నం వంట చేసేది. మనిషి ఇంతే, నా భుజం దాకా కూడా రాదు, గొంతు మాత్రం రెండు వీధులవతలికి వినపడేది. సోమవారం వచ్చిందంటే ఆవిడ గిన్నెలు గీకినా మెతుకు ఉండేది కాదు. మిగతా రోజుల్లో ఒక్కసారి పెట్టించుకునే పిల్లలు సోమవారం మూడుసార్లు వచ్చి నిలబడేవాళ్ళు. హెడ్మాస్టరు ఏమన్నాడో తెలుసా, అంత చదువుకున్నవాడు? "శని, ఆదివారాలు సెలవు కదా, ఆడుకుని అలిసిపోయుంటార్లే" అన్నాడు. నవ్వకు, నిజంగానే అన్నాడు. ఆవిడ గరిట ఎత్తి, "అలిసిపోలేదండీ, శుక్రవారం నేను పెట్టిందే వాళ్ళ ఆఖరి తిండి" అంది. అని ఊరుకుందా? కొట్టు కొట్టూ తిరిగింది. చొట్టపడ్డ డబ్బాలు, చిరిగిన బియ్యం బస్తాలు, నిన్నటి బ్రెడ్డు, ఏది పారేస్తారో అది నాకు పెట్టండి అంది. బస్సు డిపో వెనక పాత ప్రింటింగ్ ప్రెస్సు షెడ్డు ఉండేది, ఇంకు కంపు. అందులో బల్లలు వేసి, శుక్రవారం సాయంత్రం ఎవరొస్తే వాళ్ళకి సంచీ నింపి ఇచ్చేది. పేరడిగేది కాదు. "ఇంట్లో పిల్లలెంతమంది?" ఒకటే ప్రశ్న. ఐదుగురని చెప్తే పాలపొడి ఇంకో డబ్బా పడేది.

పేపర్లో పడిందమ్మా. అంతే, పెద్దమనుషులకి ఒక్కసారిగా జాలి పుట్టుకొచ్చింది. బట్టల కొట్టాయన ప్రెసిడెంటు. కమిటీ అట. పచ్చ సంచీలు కుట్టించాడు, మీద ఇంతింత అక్షరాలు, 'ఆకలిపై మా పోరాటం', కింద వాళ్ళ కొట్టు పేరు. ఆ సంచీ పట్టుకుని ఏ ఆడపిల్ల వీధిలో నడుస్తుంది చెప్పు? గరిటమ్మ ప్రతి సంచీనీ తిరగేసి నింపేది, అక్షరాలు లోపలికి. ఆయనకి ఒళ్ళు మండింది. తర్వాత ఫారం పెట్టాడు. సంపాదించేవాళ్ళెవరు, సంపాదించకపోతే ఎందుకు సంపాదించట్లేదు, సాక్షి సంతకం ఎవరు... తిండికి సాక్షి ఏంటమ్మా! ఆయన పొద్దున టిఫినుకి సాక్షిని పిలుచుకుంటాడా?

సరే, ఆ సంవత్సరమే నేను వ్యాను మీంచి బస్తాతో సహా కింద పడ్డాను. కాలు రెండు చోట్ల విరిగింది. నాలుగు నెలలు మంచం. జీతం లేదు, కమిటీ వాళ్ళు 'త్వరగా కోలుకోవాలి' అని కార్డు మాత్రం పంపారు, అది ఉడకేసుకోవాలి కాబోలు. మా ఆవిడ ఫారం రాద్దామంది. నేను ఇంతెత్తున లేచాను. "ఇన్నాళ్ళూ వాళ్ళకి పంచినవాణ్ణి, ఇప్పుడు వాళ్ళ వరసలో నిలబడనా?" అన్నాను. నా పొగరుకి మా అమ్మాయి కడుపు మాడింది, దానికి ఆరేళ్ళప్పుడు. ఒక సోమవారం స్కూల్లో మూడోసారి పళ్ళెం చాపిందట. గరిటమ్మకి ఇంకేం చెప్పాలి? ఆ శుక్రవారం సంచీ పట్టుకుని మా గుమ్మంలో నిలబడింది. మా ఆవిడతో, "మా ఇంట్లో ఎలకలు చంపుతున్నాయమ్మా, ఇది నీ దగ్గర ఉండనీ" అంది. పై శుక్రవారం ఇంకోటి తెచ్చింది. ముందుది ఏమైందని అడిగితే కదా!

ఎవరో చూశారు. వంటావిడ సరుకు ఇంటికి మోసుకుపోతోందని కమిటీలో గోల. మీటింగు పెట్టారు. నేనూ కర్ర పట్టుకుని వెళ్ళాను, రాకపోతే ఉద్యోగం ఉండదన్నారుగా. ప్రెసిడెంటు కళ్ళజోడు తుడుచుకుంటూ, "ఏమయ్యా డ్రైవరూ, నువ్వు పాతవాడివి. ఈవిడ సంచీ పట్టుకెళ్ళడం ఎప్పుడైనా చూశావా?" అన్నాడు. ఆవిడ నావైపు చూడను కూడా లేదు, బల్ల వైపు చూస్తోంది. నేనేమన్నానో తెలుసా? "చూశానండీ" అన్నాను. అంతే, ఆ ఒక్క ముక్క. ఎవరింటికో మాత్రం చెప్పలేదు. ఆవిడ లేచి, "అవును, నేనే తిన్నాను. నాకు ఆకలెక్కువ" అని షెడ్డు తాళంచెవి బల్ల మీద పడేసి వెళ్ళిపోయింది. ఒంటరి మనిషి, పిట్టంత తిండి. వాళ్ళంతా నమ్మేశారు!

ఆగు, అయిపోలేదు. ఆ శుక్రవారం కూడా వచ్చింది. పచ్చ సంచీ కాదు, మామూలు గుడ్డ సంచీ, తన డబ్బుతో కొన్న బియ్యం, పప్పు, గుడ్లు. నేను లోపలి గదిలో గోడవైపు తిరిగి పడుకున్నాను. మా ఆవిడకి మీటింగు సంగతి తెలీదు, "మేలుకునే ఉన్నారు, పిలవనా?" అంది. "వద్దులే, కాలు నొప్పితో ఉన్నాడు, పడుకోనీ" అంది గరిటమ్మ. నాకు కాలు నొప్పట!

ఆ తర్వాతేముంది, ఫారాలు నింపలేక జనం రావడం మానేశారు. తొంభై ఇళ్ళు పదకొండయ్యాయి. షెడ్డులో బియ్యానికి పురుగు పట్టింది, ప్రెసిడెంటు ఫొటోకి మాత్రం పట్టలేదు. ఏడాది తిరక్కుండా స్కూల్లో ఒక పిల్ల నిలబడ్డచోటే కూలిపోయింది, పేపరు వాళ్ళొచ్చారు, అప్పుడు పరిగెత్తారు కమిటీ వాళ్ళు ఆవిడ ఇంటికి. వచ్చింది. ఫారాల కట్ట ఎత్తి పొయ్యిలో పెట్టి, "పిల్లలెంతమంది?" అని మొదలెట్టింది. తొమ్మిదేళ్ళు నడిపింది, పోయేదాకా. దొంగ అన్న మాట మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోలేదు. నేను? నేను ఆ తొమ్మిదేళ్ళూ ఆవిడ పక్కన వ్యాను నడిపాను. ప్రతి శుక్రవారం చెబుదామనుకునేవాణ్ణి, ఆవిడేమో "బ్రేకు చూసుకో" అనేది. ప్రెసిడెంటుని తిట్టడం తేలికమ్మా. ఇంతసేపూ తిట్టాను కదా, బాగా వచ్చింది.

ఏంటి, పెన్ను ఆపావు? రాయి. ఆ సంచీ డ్రైవరు ఇంటికొచ్చిందని రాయి, పెద్ద అక్షరాలతో... ఉండు, గేటు చప్పుడు. మా అమ్మాయి. దానికీ సంగతి తెలీదు. ఆ పుస్తకం మూసెయ్యి, మూసెయ్యమ్మా ముందు. ఆఁ, ఏం లేదే, పాత వ్యాను గురించి అడుగుతోంది ఈ అమ్మాయి. మైలేజీ ఎంతిచ్చేదని.