వంగని మోకాలు

ఉగాండాలోని మసాకాలో ఎబోలా వార్డుకు వెళ్లబోయే కుర్ర డాక్టర్లకు ఆ రోజు పరీక్ష. రోగుల వేషం వేయడానికి ఊళ్లోవాళ్లనే పిలిచారు. నస్సూనా పరీక్ష ముగించి, రక్షణ దుస్తులు విప్పి, చేతులు కడుక్కుని బయటికొచ్చేసరికి, అప్పటిదాకా పరీక్షలో ఆమెకి రోగిగా మంచమెక్కిన తల్లి పచ్చిక మీద మూతి ముడుచుకుని కూర్చుని ఉంది.

"కోపమొచ్చిందా అమ్మా?"

"రాదూ? నన్ను చూసి కూడా గెడకర్రలా నిలబడ్డావే! కన్నతల్లిని మోకరిల్లి పలకరించని ఆడపిల్ల మన బుగాండాలో ఎక్కడైనా ఉందా?"

"ఆ వార్డు నేలకి మోకాలు తగిలితే రోగం నా వెంటే వస్తుందమ్మా. అక్కడ ఎవరికీ వంగకూడదు."

"తెలుసులే. నీకంటే ముందొచ్చిన పిల్ల నన్ను చూడగానే మోకాళ్ల మీద కూర్చుంది. ఎంత పద్ధతైన పిల్లో అని మురిసిపోయేలోపే మీ మాస్టారు దాన్ని బయటికి పంపేశాడు."

"అలవాటు కదమ్మా. నాకూ మోకాళ్లు వంగబోయాయి."

"చూశాను. పైకి మూలుగుతూనే, వంగకే తల్లీ, వంగకే అని లోపల మొక్కుకుంటున్నా."

"మరి ఈ మూతి ముడుచుకోవడం దేనికి?"

"అందరిలోకీ నువ్వే బాగా చేశావని మీ మాస్టారు గట్టిగా చెప్పాడు. నేను నవ్వితే పొగరనుకుంటారని బిగబట్టుకున్నా. అదిగో, ఇటే వస్తున్నాడు. ఇప్పుడు నాకు మోకరిల్లు."

"ఇక్కడా?"

"ఇక్కడే! నిలబడ్డం ఆయన నేర్పాడు. వంగడం ఎవరు నేర్పారో ఆయనకీ తెలియాలి."