తెగని పేజీల్లో చిరుతపులి

చందర్లపాడు సెంటర్లో ప్రేమదాసు టీ కొట్టు ముందున్న బల్ల మీద రత్తయ్య కూర్చున్నాడంటే, పనున్నవాళ్ళు కూడా పని మర్చిపోయి ఆగుతారు. చెప్పేది అబద్ధమని తెలుసు, అయినా వింటారు. ఆ రోజు ఉదయం పూట లైబ్రరీ మూసేసి, పదకొండింటికి ఫ్లోరెన్స్ అటే వచ్చింది. పాపం ఆమె వచ్చింది కబుర్ల కోసం కాదు, పుస్తకం కోసం.

సంగతేమిటంటే, నిరుడు ఇదే రత్తయ్య మాట నమ్మి ఆమె తన శాఖా గ్రంథాలయానికి ఒక అర నిండా వేట పుస్తకాలు, అడవి పుస్తకాలు, గాలం వేసేవాళ్ళు సరదాగా చదువుకునే పుస్తకాలు తెప్పించింది. "తెప్పించమ్మా, ఈ చుట్టుపక్కల ఏట్లో గాలం వెయ్యనోడు లేడు, చేలో పందుల్ని తరమనోడు లేడు, ఎగబడి చదువుతారు" అన్నాడు. ఎవరూ ఎగబడలేదు. ఏడాదిలో ఒకే ఒక్క పుస్తకం గడప దాటింది, అదీ రత్తయ్యే పట్టుకెళ్ళాడు, ఆర్నెల్లయింది. చదివేవాళ్ళు లేనప్పుడు ఆ అర మొత్తం వెనక్కి పంపేసి పోటీ పరీక్షల గైడ్లు పెట్టుకోమని పొద్దున్నే పైఆఫీసు నుంచి ఫోనొచ్చింది. రేపు వ్యాను వస్తుంది. గైడ్ల మీద ఫ్లోరెన్స్‌కి కోపమేం లేదు. పరీక్ష కోసం కాకుండా ఊరికే, ఇష్టం కొద్దీ జనం చదువుకోవాలని ఆమె ఆశ. ఆ ఆశ కూడా రేపటితో సరి.

"పుస్తకం తెచ్చారా రత్తయ్య గారూ?"

తువ్వాల్లో చుట్టిన పుస్తకం తీసి ఆమె చేతిలో పెట్టాడు. అట్ట మీద చిరుతపులి బొమ్మ, చెక్కుచెదరకుండా ఉంది.

"కూర్చోమ్మా. ఆ పుస్తకం చేసిన ఘనకార్యం వినకుండా పట్టుకుపోతే ఎట్లా?"

"మొదలైంది" అని ప్రేమదాసు స్టవ్వు మంట తగ్గించాడు.

"మరేం లేదు. మొన్న పంటకి చెవిటికల్లు దగ్గర ఏటి ఒడ్డున మన బుల్లిబాబు గారి మొక్కజొన్నకి కాపలా ఒప్పుకున్నానా, అడవి పందుల బెడద. అందరూ డబ్బాలు కొడతారు, టపాసులు పేలుస్తారు. నేను ఈ పుస్తకం పట్టుకుని మంచె ఎక్కా. పొద్దు వాలుతుంటే పైకి చదవటం మొదలెట్టా, నాకు పైకి చదివితేగానీ బుర్రకెక్కదు. ఒక పంది వచ్చింది. కంకి నోట్లో పెట్టుకుని, నమలకుండా అట్టాగే ఆగిపోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"నీ గొంతు విని పారిపోయుంటది బాబాయ్" అన్నాడు ప్రేమదాసు.

"కూర్చుంది! మర్నాడు పెళ్ళాన్నీ, పదకొండు మంది పిల్లల్నీ వెంటబెట్టుకొచ్చింది. మూడో రోజు నక్కలు, కుందేళ్ళు. నాలుగో రోజు జగ్గయ్యపేట అవతల గుట్టల మీంచి చిరుత!"

టీ తాగుతున్న బుల్లిబాబుకి పొలమారింది. "మా చేలో చిరుతా?"

"మీరు భయపడతారని చెప్పలేదండి. పక్కనే బలిసిన పంది ఉందా, కన్నెత్తి చూడదు, చూపంతా నా మీదే. కథలో వేటగాడు చిరుతకి గురిపెట్టాడని చదివేసరికి పాపం తల దించేసుకుంది. పంది దాని వీపు నిమిరింది, ఏం కాదులే అన్నట్టు. పేజీ తిప్పటానికి నేను వేలు తడి చేసుకునేంతసేపు కూడా ఆగదు, గుర్రుమంటది. అప్పుడు చెప్పా, ఇదిగో, ఒక్క గింజ ముట్టుకున్నా పుస్తకం మూసేస్తానని. అంతే, ఎకరానికి అరవై బస్తాలు!"

"నాకు ఇరవై రెండే వచ్చాయి కదయ్యా?"

"మిగతావి ఎలుకలు తిన్నాయండి. ఎలుకలకి కథలు పట్టవు."

ఫ్లోరెన్స్‌కీ నవ్వాగలేదు. నవ్వుతూనే అలవాటు కొద్దీ పుస్తకంలో చిరుగులేమైనా ఉన్నాయేమోనని పేజీలు తిప్పుతూ, ఒకచోట వేలు ఆపింది. రత్తయ్య అది గమనించలేదు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? అవతల ఒడ్డు జంతువులు గొడవకి దిగాయి, మాకు వినపడట్లేదని. నేనేం చెయ్యను? కృష్ణలోంచి మొసలి ఒకటి తేలి, ఎక్కమని వీపు చూపించింది. ఏటి నడిమధ్య దాని మీద బాసింపట్టు వేసుక్కూర్చుని చదివా. ఇటొడ్డున మూడు వేలు, అటొడ్డున నాలుగు వేలు! వెనకున్నవాటికి చిలకలు ఒక్కో మాటా అందుకుని చెప్పేవి. ఎగువ నీళ్ళలో చేపలన్నీ కథకి దిగొచ్చేసరికి డ్యాములో నీళ్ళు రెండడుగులు తగ్గాయి. ఇంజనీర్లు కంగారుపడి, రత్తయ్య గారూ ఒక్క రోజు సెలవివ్వండని బతిమాలారు!"

"చివరికేమైంది బాబాయ్?"

"ఏముంది, వేటగాడు తుపాకీ ఏట్లో పారేశాడు. చిరుతా ఆయనా ఒకే పళ్ళెంలో పెరుగన్నం తిన్నారు. ఏడు వేల జంతువులూ కళ్ళు తుడుచుకుని ఇళ్ళకిపోయాయి."

"రత్తయ్య గారూ" అంది ఫ్లోరెన్స్, "మరి చివరి పేజీలో ఆ వేటగాడు చేతికి కట్టుతో రైలెక్కుతున్నాడేంటండీ? పెరుగన్నం తింటే చెయ్యి విరుగుద్దా?"

 ఆమె పుస్తకం పైకెత్తి చూపించింది. తొంభై ఏడు నుంచి నూట పన్నెండు దాకా పేజీలు ప్రెస్సులో అంచు తెగక, ఒకదానికొకటి కలిసే ఉన్నాయి. వాటిని ఇంతవరకూ ఎవరూ విప్పలేదు.

కొట్టు కొట్టంతా గొల్లున నవ్వింది. రత్తయ్య తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

"అక్కడిదాకా చదివానమ్మా, రెండుసార్లు చదివా, చివరి పేజీ కూడా చూశా. బ్లేడు కూడా తీశా. సర్కారు పుస్తకం, కోస్తే చింపాడని పేరు రాస్తారేమోనని చెయ్యాడలేదు. పైనుంచి తొంగి చూశా, నోటితో ఊది చూశా, 'చిరుత' అనే మాట ఒక్కటి కనపడింది. ఆ చెయ్యి ఎట్టా విరిగిందో తెలియక ఆర్నెల్ల నుంచీ రోజుకో రకంగా నేనే కల్పించుకుంటన్నా."

"నన్నడగొచ్చు కదండీ?"

"ఇన్ని కథలు చెప్పేవాణ్ణి, ఒక్క కథలో ఏం జరిగిందో తెలీదని ఏ మొహం పెట్టుకుని అడగను?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఫ్లోరెన్స్‌కి మాత్రం ఒక్కసారిగా సంతోషం పొంగుకొచ్చింది. ఒక్క పాఠకుడూ లేడని ఏడాదిగా కుమిలిపోయింది. తీరా చూస్తే ఎనిమిది కాగితాల కోసం ఆర్నెల్లు తపించినవాడు కళ్ళ ముందే కూర్చుని ఉన్నాడు.

"ప్రేమదాసూ, బన్ను కోసే కత్తి శుభ్రంగా తుడిచి ఇటివ్వు" అంది.

"కోస్తావా అమ్మా?" రత్తయ్య ముందుకు జరిగాడు.

"లైబ్రేరియన్ని నేనే కదండీ. నేను కూడా ఇది చదవలేదు."

కత్తి అంచు మీద పేజీలు ఒక్కొక్కటే విడిపోయాయి. ఆమె పైకి చదివింది. వేటగాడు తుపాకీ చెట్టుకి ఆనించి వాగులో మొహం కడుక్కుంటున్నాడు. వెనక ఎండుటాకు చప్పుడైంది. నీళ్ళలో తన మొహం పక్కనే ఇంకో మొహం కనపడింది. ప్రేమదాసు పాలు పొంగిపోయి స్టవ్వు ఆరిపోయింది, ఎవరూ చూసుకోలేదు. పేజీ చివరికొచ్చి ఫ్లోరెన్స్ టక్కున పుస్తకం మూసింది.

"ఆ తర్వాత ఏమైందమ్మా?" అన్నాడు రత్తయ్య.

పుట్టి బుద్ధెరిగాక ఆ మాట అడగాల్సిన వంతు అతనికి రావటం అదే మొదలు.

"నాలుగింటికి లైబ్రరీ తెరుస్తా. వచ్చి చదువుకోండి."

"ఆయన ఆర్నెల్లుంచుకున్నాడు, ఈసారి నాకివ్వండి" అని లేచాడు బుల్లిబాబు. ముందు నాకని ప్రేమదాసు. అర నిండా ఉన్నాయి, తలా ఒకటి తీసుకోండని చెప్పి ఫ్లోరెన్స్ అక్కడి నుంచే పైఆఫీసుకి ఫోను కలిపింది.

"సార్, రేపు వ్యాను పంపకండి. పుస్తకాలకి చదివేవాళ్ళు దొరికారు."

"ఎంతమందమ్మా?"

"ప్రస్తుతానికి ముగ్గురండి."

"ఏడు వేల ముగ్గురని చెప్పమ్మా!" వెనక నుంచి రత్తయ్య కేకేశాడు.

ఫోన్లో అవతల మనిషి నవ్వాడు. "సరే, ఈ నెలకి ఆపుతాలే. ఎవరమ్మా ఆ అరిచింది?"

ఫ్లోరెన్స్ రత్తయ్య వైపు చూసింది. అతను అప్పుడే తువ్వాలు దులిపి భుజాన వేసుకుని లైబ్రరీ వైపు నడుస్తున్నాడు, ఇంకా పన్నెండన్నా కాలేదు.

"మా పాఠకుడు సార్" అంది.