తిరగబడని కన్ను

“నా రాతనే తప్పంటావా? ఒరే అల్లుడూ, మీ అమ్మకి తోడబుట్టినవాణ్ణి కాబట్టి ఓర్చుకుంటున్నా. ముందు ఆ టీ తాగు.”

టీకొట్టు బెంచీ మీద కూర్చున్న మేనల్లుడు తాగలేదు. ఇన్నాళ్ళూ ఎవరి షాపులోనో నిలబడి క్రాపులు చేశాడు. తెల్లారితే తన సొంత కటింగ్ షాపు తెరవాలి. అద్దం తలుపు మీద దాని పేరు రాసింది పెయింటరు మామ. వానకి చెరిగిపోకూడదని లోపలివైపు రాశాడు గానీ, అలా రాసేటప్పుడు అక్షరాలు తిరగేసి రాయాలన్నది మరిచాడు. లోపలున్నవాడికి చక్కగా కనబడుతోంది. వీధిలో ఆగినవాళ్ళు మాత్రం ఇదేం భాష అని అడిగి పోతున్నారు.

“తిరగేసి రాయడం నాకు రాదనుకున్నావేమో. అంబులెన్సు మీద పేరు తిరగేసి ఉంటుంది చూశావా, ముందుపోయేవాడికి తన అద్దంలో సరిగ్గా కనబడాలని? ఒక బండికి నేనే రాశా, గీతలు గీసుకోకుండా, అదీ ఎడమచేత్తో, ఎందుకంటే కుడిచేతిలో టీ గ్లాసుంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? దాని ముందు కారు, కారు ముందు బస్సు, బస్సు ముందు లారీ. కారు అద్దంలో సరిగ్గా పడిన పేరు బస్సు అద్దంలో మళ్ళీ తిరగబడాలి కదా, లారీ అద్దంలో ఇంకోసారి తిరగబడాలి కదా. అబ్బే, ముగ్గురూ చదివారు, ముగ్గురూ ఒక్కసారే తప్పుకున్నారు. నా అక్షరం అద్దాన్ని బట్టి అదే సర్దుకుంటుంది.”

“మరి నా తలుపు మీద సర్దుకోలేదేం?”

“చెప్పనియ్యవేంరా? ఆ సంగతి విని కళ్ళ డాక్టరు నన్ను పిలిపించాడు. కంట్లో చిన్న భూతద్దం లాంటిది ఉంటుందట, దానివల్ల లోకమంతా కంటి వెనకాల తలకిందులుగా పడుతుందట, మనుషులు కాళ్ళు పైకెత్తి, చెట్లు వేళ్ళు పైకెత్తి. దాన్నంతా మెదడు సరిచేసి నిలబెడుతుందట. ఆయన నా కంట్లో లైటు వేసి చూశాడు, చూసి స్టూలు మీంచి పడ్డాడు. లోపల ఆయన బొమ్మ నిటారుగా నిలబడి ఉంది మరి. ఆయన పెద్ద డాక్టర్ని పిలిస్తే, ఆయన ఇంకా పెద్దాయన్ని పిలిచాడు. చివరికి గదినిండా డాక్టర్లే, ఒకర్నొకరు తోసుకుంటూ నా కంట్లో చూసుకుని తలలు దువ్వుకున్నారు.”

“దువ్వెన ఎవరిది?” అన్నాడు టీకొట్టాయన.

“నాదే. అదలా ఉంచు. అప్పట్నించీ అద్దాలకి నేనంటే హడలు. మీరు కుడిచెయ్యి ఎత్తితే అద్దంలో ఎడమచెయ్యి లేస్తుంది, నేనెత్తితే కుడిచెయ్యే లేస్తుంది. ఓసారి నేను బయటికొచ్చేశాక కూడా నా బొమ్మ అద్దంలోనే ఉండి మిగతా గడ్డం గీసుకుంది. కాబట్టి అల్లుడూ, తలుపులో తప్పు లేదు. తిరగబడ్డ కళ్ళు వీధిలోవాళ్ళవి. నాలుగు రోజులు పోతే వాళ్ళే అలవాటు పడతారు.”

మేనల్లుడికి కోపం కంటే దిగులే ఎక్కువగా ఉంది. గ్లాసు బెంచీ మీద పెట్టాడు.

“మావయ్యా, కన్ను తలకిందులు చేసింది మెదడు సరిచేస్తుందన్నావు కదా?”

“నేనేంటి, డాక్టరే అన్నాడు.”

“నీ కన్ను తిప్పనే తిప్పదు.”

“చచ్చినా తిప్పదు.”

“అయితే నీ మెదడుకి పుట్టినప్పట్నించీ పనే పడలేదన్నమాట.”

టీకొట్టాయన నవ్విన నవ్వుకి చేతిలో పాలగిన్నె ఒలికింది. పెయింటరు మామ తన గ్లాసులో ఏదో పడ్డట్టు తల వంచుకుని చూడసాగాడు. మేనల్లుడు జేబులోంచి కొత్త బ్లేడు తీసి అతని చేతిలో పెట్టాడు.

“పద, ఇవాళ దానికి కాస్త పని చెబుదాం. ముందు పాత రాత గీకెయ్.”