కొర్లమ్మ నిలబెట్టిన తాడిచెట్టు

కొర్లమ్మని ఒకామె ఉండీదంట. ఇదిగో, మీరు సెప్పులిప్పి నడుస్తన్నారే, ఈ ఇసకలోనే ఆమె గుడిసె. మొగుడు తవిటయ్య, సేపల వేటలో ఆడికి మించినోడు లేడంట. మరేటయిందంటే, ఒకనాడు మన రేవుకెదురుగా పెద్ద ఓడొచ్చి ఆగింది. అందులో తెల్లదొరలు. తాడుకి సీసం గుండు కట్టి నీట్లోకి ఒదలడం, లోతెంతో సూడ్డం, కాయితమ్మీద గీసుకోడం, ఇదే పనంట. మనోళ్ళకి నవ్వు. సముద్రాన్ని కాయితమ్మీద పెడతారంటేటి! ఈ ఒడ్డంతా తెలిసినోడు మాకు కావాలన్నారంట. తవిటయ్యకీ ఆశే. ఈ నీళ్ళు ఎందాకున్నాయో సూసొస్తానే అన్నాడు. మావా, ఎల్తే ఎల్లు గాని, తిరిగెలాగొస్తావు అంది కొర్లమ్మ. ఓసి పిచ్చిదానా, రోజూ ఎలాగొస్తన్నాను? మన తాడిసెట్టూ, దానెనక కొండ మీద గుండ్రాయీ ఒక్క వరసలోకొచ్చీదాక ఆగి, తిన్నగా వొచ్చీడమే కదా, అన్నాడంట. ఊరందరికీ అదే గురుతు. ఆ వరస తప్పితే నీటి కింద బండలు, తెప్ప ముక్కలయిపోద్ది.

ఆరు నెల్లలో వొచ్చీస్తానని ఓడెక్కినాడు. ఏడాదయింది, రెండేళ్ళయింది. ఈలోగా ఒడ్డున దిగిపోయిన దొరొకడు గిడ్డంగి కట్టుకుంటా, దూలానికి మాను కావాలన్నాడు. మనోళ్ళేటి సేసినారనుకున్నారు? ఆ తాడిసెట్టే కొట్టిచ్చీసినారు! ఎందుకంటే, దొర జెండా కర్ర పాతినాడు, అది సెట్టు కన్నా ఎత్తు. గాలికి ఊగతా ఎంత దూరం నుంచయినా కనపడతంది కదా, ఇంక సెట్టెందుకూ, జెండాతో వరస సూసుకుందాం అన్నాడంట కులపెద్ద. అందరూ కొత్త గురుతు నేర్సీసుకున్నారు. తెలివైనోళ్ళే, కాదన్ను.

కొర్లమ్మ సేపల గంపతో తిరిగొచ్చి సూసీసరికి మొదలు మాత్రం ఉంది. గంప అక్కడే పడీసి పెద్ద దగ్గరికి ఎల్లిందంట. పెద్దయ్యా, మీరందరూ జెండా సూసుకొస్తారు, మా మావకి జెండా ఎరికేటి? ఎల్లినప్పుడది లేదు కదా? అటు దక్షిణాన ఇంకో తాడిసెట్టుంది, అదే మనదనుకుని తిప్పితే బండల మీదికే కదా?  ఆడింకా ఉన్నాడేటే అని ఎనకనెవురో అన్నారంట. అలాటి మాట అనొచ్చా అమ్మా? 

ఆమె తిన్నగా గుడిసెకెల్లింది. మొగుడి తెప్పకున్న తెరసాప కొయ్య పీకి తెచ్చి, ఆ మొదలు పక్కనే పాతి, కొసన తాటాకులు కట్టింది. గాలికి అయి ఎగిరిపోడం, ఈమె మళ్ళా ఎక్కి కట్టడం. ఎగిరిపోడం, మళ్ళా కట్టడం. అమ్మకం నుంచొచ్చి కూడు తినకముందు అదే సూసుకునీదంట. ఊరు నవ్వింది. నవ్వి నవ్వి మానీసింది. ఆకరికి పెద్దే ఆకులు కోసి మోసుకొచ్చి ఇచ్చీవోడంట, ఏ సెయ్యి సెట్టు నరికించిందో ఆ సెయ్యే ఆకులు తేడం, అనుకో.

మూడో ఏడు, ఒక పొద్దుట, కెరటాలు మా జోరుగున్నాయి. దూరంగా ఓడాగింది, సిన్న పడవొకటి దిగింది. అది దక్షిణానికి తిరిగింది. ఒడ్డునున్నోళ్ళు నీట్లోకి పరిగెట్టినారు. అయ్యో, అటు కాదురా అని అరుస్తన్నారు, ఇనపడితే కదా! కొర్లమ్మ మాత్రం కొయ్యని రెండు సేతులా పట్టుకుని ఉలక్కుండా నిలబడిందంట. పడవ ఆగింది. ఎనక్కి తిరిగింది. కొయ్యా గుండ్రాయీ వరసలోకొచ్చీదాక ఆగి, తిన్నగా వొచ్చీసింది. తవిటయ్య దిగినాడు, తలంతా నెరిసిపోనాది. దిగుతూనే ఏటన్నాడంటే, ఏటే, మన తాడిసెట్టు అలగ కుంచించుకుపోనాదేటి? అన్నాడంట. మూడేళ్ళూ కంట నీరెట్టని మనిషి, అప్పుడు ఇసకలో కూలబడి ఏడిసింది.

అదిగో, మీలాటోళ్ళు సూడ్డానికని పెట్టినారే, ఆ బోర్డు మీద దొర పేరుంది, ఓడ పేరుంది. పక్కన నిలబడి పొటోలు తీసుకోండి, తప్పేటి. జెండా కర్ర ఎప్పుడో సెదలు తినీసింది. కొర్లమ్మ కొయ్య దగ్గర ఊరోళ్ళు టెంక పాతి పెంచిన తాడిసెట్టు మాత్రం ఉంది, ఒకటి ముసిల్దయితే పక్కనే టెంక పాతుతాం. మా కుర్రోళ్ళిప్పుడు ఫోన్లో దారి సూసుకుని వేటకెల్తారు, తిరిగొచ్చినప్పుడు మాత్రం తలెత్తి దీన్నే సూస్తారు. ఎందుకురా అంటే అలవాటంటారు. అలవాటంట! ఒకామె ఏళ్ళ తరబడి కొయ్యెక్కి దిగితే వొచ్చిందది.