అరచేతిలో గ్రీజు

ఆకివీడు దగ్గర ఓ ఊళ్ళో కారు షెడ్డు. తాతల నాటి ఆస్టిన్ కారుకి ముందు చక్రం ఒకటి ఊడదీసి ఉంది. మడతకుర్చీలో భద్రిరాజు. గోనెసంచి పరుచుకుని నేల మీద అల్లుడు శ్రీనివాసరాజు.

“గోళ్ళ సందుల్లోకి మడ్డి పోయిందని ఆగితే ఎలాగండీ అల్లుడుగారూ? బేరింగుని కిరసనాయిలుతో కడిగారు, తుడిచారు. ఇంక గ్రీజు పెట్టండి.”

“పెడుతున్నానండి మావయ్యగారూ. కీర్తి...”

“వేళ్ళతో పూస్తే పైపైనే ఉంటుందండి. అరచేతిలో ముద్ద వేసుకుని, బేరింగు అంచుని దానికేసి గట్టిగా నొక్కండి. రోలర్ల సందుల్లోంచి అవతలికి రావాలి.”

“ఇలాగాండి?”

“ఎడంచెయ్యి కాదండి. కుడిచెయ్యి.”

“నాకు ఇదే వీలుగా ఉందండి.”

“మీ కుడిచెయ్యి బాగా పడుతుందని మా అమ్మాయి చెప్పిందండి. పుట్టింటికి వచ్చిన రోజున తన చెంప మీద అయిదు వేళ్ళూ కనిపించాయి.”

“తప్పయిపోయిందండి. పొద్దున్న మీ కాళ్ళు కూడా పట్టుకున్నాను కదండీ.”

“పట్టుకున్నారు. కాదన్నానా? కాఫీ ఇచ్చాం. పెసరట్టూ ఉప్మా మీ కోసమే చేయించాం. ఉప్పు సరిపోయిందాండి?”

“సరిపోయిందండి. ఒక్కసారి కీర్తిని పిలిస్తే...”

“మెకానిక్కు దొరబాబు వస్తానన్నాడండి. మా అమ్మాయే వద్దంది. ఆయన చేతే చేయించండి నాన్నా, అంది.”

“కీర్తి అందా? నిజంగానాండి?”

“ఆయ్. అబద్ధమెందుకండి? మా ఇంటి ఆడపిల్లలు అత్తారింటికి వెళ్ళేది ఈ కారులోనే. మీకు తెలుసుగా.”

“తెలుసండి. అయితే తను... వస్తానందాండి?”

“ముందు చక్రం ఎక్కించి నట్టు బిగించండి.”

“బిగించానండి. ఇంక కదలదు.”

“ఏదీ, తిప్పండి.”

“తిరగట్లేదండి.”

“ఎలా తిరుగుతుందండి? అంత బిగిస్తే బేరింగు వేడెక్కి మాడిపోద్ది. బిగించాక కాస్త వదలాలి. మీకది రాదు.”

“నేర్చుకుంటానండి. ఇకమీద గట్టిగా మాట కూడా అనను. ఇంటికెళ్తే పలకరించే మనిషి లేదు మావయ్యగారూ. తను లేకుండా నేను బతకలేనండి.”

“ఏడవకండి. కన్నీళ్ళు పడితే బేరింగు తుప్పు పడుతుంది.”

“సరేనండి. చేతులు తుడుచుకోడానికి గుడ్డ...”

“గుడ్డెందుకండీ, చొక్కా ఉందిగా. తుడుచుకోండి. మొహమాటపడకండి, మీ ఇల్లే అనుకోండి.”

“ఇదిగో, నట్టు కాస్త వదిలాను, ఇప్పుడు తిరుగుతోందండి! చూడండి, చప్పుడు కూడా లేదు!”

“బాగుందండి. పిన్ను పెట్టి, మూత కొట్టెయ్యండి. అమ్మా కీర్తీ! కారు సిద్ధం. అల్లుడుగారు చక్కగా చేశారు, వచ్చి చూసుకో.”

“కీర్తీ! బాగున్నావా? నా చేతులు చూడు, ఎలా అయ్యాయో. నువ్వే చెప్పావటగా నన్ను చెయ్యమని? సర్దుకున్నావా?”

“సర్దుకున్నానండి.”

“ఇలా ఇయ్యి, నేను మోస్తాను. ఏదీ, ఈ ఒక్క సంచేనా? మిగతా సామాను?”

“సామానేముందండీ, విడాకుల కాగితాలే. రేపు భీమవరం కోర్టుకి వెళ్ళాలి. చక్రం మధ్యలో జామ్ అయిపోదు కదా?”