మొగులయ్య పై గుండీ – సక్కుబాయి గారి ముప్పైనాలుగేళ్ల సేవ

పంతొమ్మిది వందల తొంభై ఒకటి, ఆగస్టు పంతొమ్మిదో తేదీ, శ్రావణ సోమవారం నాడు శ్రీమతి సక్కుబాయి గారు సంతోష్‌నగర్‌లోని మన ధర్మ వైద్యశాలలో ఫిజియోథెరపిస్టుగా బాధ్యతలు స్వీకరించారు. ఆనాటి ఆ విభాగమంటే మెట్ల కింద ఒక బల్ల, చేతులు ముంచడానికి వేడి మైనపు తొట్టె, గోడకు వేలాడే కప్పీ తాడు, అంతే. ప్రాతఃకాలాన కళ్లు తెరవగానే అరచేతులను దర్శించి నమస్కరించే సంప్రదాయంలో పెరిగిన ఆమెకు పరుల అరచేతులను చూడటం కూడా పూజలో ఒక భాగంగానే తోచింది.

తొలి దశాబ్దంలో ఆమె ఎదుట కూర్చున్నవారు లోహాన్ని సానబట్టేవారు, లక్కగాజులు చేసేవారు, జరీ పనివారు. బొటనవేలు మొదలుకొని మూడు వేళ్లు తిమ్మిరెక్కి, నిద్రలోంచి లేపి కూర్చోబెట్టే మంట అందరిదీ. అయితే బాధ ఒక్కటే అయినా మూలం ఒక్కటి కాదని, మణికట్టులో నలిగిన నరం కావచ్చు, మెడలోని నరం కావచ్చు, చక్కెర వ్యాధో థైరాయిడ్ లోపమో కావచ్చునని విచారించి, పరీక్షలు చేయించిన పిమ్మటే చేయి పట్టేవారు. రెండువేల మూడులో చేతి చికిత్సకు ప్రత్యేక విభాగం ఏర్పడి, దాని భారం ఆమెపై పడింది. మణికట్టును నిటారుగా నిలిపే పట్టీ, పనిచేసే తీరులో మార్పు, నరం సులువుగా కదిలేందుకు వ్యాయామం ముందు, వాటికి లొంగకపోతే వైద్యుల సలహాపై సూదిమందు, చివరన శస్త్రచికిత్స. ఈ వరుసలో చివరి మెట్టు దాకా తన రోగిని పోనివ్వకూడదన్నది ఆమె పంతం. ఆ పంతం చాలామందికి మేలు చేసింది. ఒకరికి మాత్రం చేయలేదు.

రెండువేల పదహారు మాఘంలో కిషన్‌బాగ్ నుంచి మొగులయ్య గారు వచ్చారు. పదకొండు బర్రెల పాడి, రెండు పూటలా చేతితోనే పితకడం. చొక్కా గుండీలు ఆయన భార్య శారదమ్మ గారే పెట్టవలసి వస్తోంది. సక్కుబాయి గారు కొలత తీసి పట్టీ కుట్టించి, నిద్రపోయే వేళ కట్టుకోవాలని చెప్పి పంపారు. పదిహేను రోజులకోసారి వచ్చినప్పుడల్లా “కట్టుకుంటున్నవా?” అని అడిగేవారు. “రోజు కట్టుకుంటున్నమ్మా” అనేవారాయన. ఆ జవాబులో అసత్యం లేదు. మూడు పర్యాయాలు అదే ప్రశ్న, అదే జవాబు. తిమ్మిరి మాత్రం తగ్గలేదు. ‘ఇంకొన్నాళ్లు చూద్దాం’ అనుకున్నారామె.

ఎనిమిదో వారంలో ఒక సాయంత్రం ఆమె స్వయంగా పాకకు వెళ్లారు. బర్రె పక్కన కూర్చున్న మొగులయ్య గారి చేతికి పట్టీ ఉంది. పేడతో, పాల నురుగుతో తడిసి బిరుసెక్కి ఉంది.

“ఏందయ్యా గిది! పండుకునేటప్పుడు కట్టుకొమ్మన్న గదా?”

“పండుకున్నంక చెయ్యికి ఏం పనుంటదమ్మా? పని జేసేటప్పుడే కదా బలం గావాలె!”

“నేను జెప్పిన, ఇన్నడా? ఈన డాక్టరమ్మకే డాక్టరు!” అని శారదమ్మ గారు అందుకున్నారు. “గా పట్టీ జూసి మొదటి దినం బర్రె తన్నింది గూడ.”

పట్టీ బిగువుకు ఎదురొత్తి, బొటనవేలు లోపలికి మడిచి, కణుపుతో చన్నును నొక్కి ఆయన పాలు తీస్తున్నారు. రెండు నెలలుగా ప్రతి పూటా నలిగిన నరమే మళ్లీ నలిగింది. సక్కుబాయి గారు ఆ చేతిని దీపం కిందికి తిప్పి చూశారు. నరం దెబ్బతిని, బొటనవేలి మొదట ఉండవలసిన కండ కరిగి గుంటపడింది.

“తప్పు నాది, మొగులయ్యా. నిద్రల మణికట్టు వంగి నరం నలగొద్దని కట్టుకొమ్మన్న, గదే నీకు చెప్పలే. ఎప్పుడు కట్టుకుంటున్నవో అడగలే. ఇగ ఆగొద్దు, ఆపరేషనే.”

“కోస్తరా? నెల రోజులు పిండకుంటెట్లమ్మా? బర్రెలు ఇంకోళ్ల చెయ్యి పడనియ్యవు.”

“నీ అంగీ తొడుక్కొని నేను కూసుంట. వాసన జూసి నువ్వే అనుకుంటయ్. నీకంటె మంచిగనే ఇస్తయ్ పాలు, ఫికర్ జెయ్యకు!” అన్నారు శారదమ్మ గారు. అలాగే చేశారు కూడా. బొటనవేలు మడవకుండా పిడికిలి మొత్తంతో పితకడం ఆ నెలలోనే ఆమె అలవరచుకొని, తరువాత భర్తకు నేర్పారు.

శస్త్రచికిత్సతో మంట పోయింది, నిద్ర వచ్చింది. పోయిన కండ మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు. మెడ దగ్గరి పై గుండీ ఈనాటికీ ఆయన వేళ్లకు లొంగదు. ఆలస్యమైన ఆ రెండు నెలలను సక్కుబాయి గారు ఎవరి మీదికీ నెట్టలేదు. ఆ మరుసటి వారం నుంచి ఆమె విభాగంలో మొదటి మాట మారింది: “నీ పని చేసి చూపెట్టు.” దర్జీ కత్తెర తెచ్చాడు, గాజుల ఆమె లక్క కడ్డీ తెచ్చింది. పట్టీ ఎప్పుడు, ఎందుకు కట్టుకోవాలో రోగి తన నోట తిరిగి చెప్పనిదే ఇంటికి పంపేవారు కారు. కండ తగ్గిన ఛాయ కనబడితే ఆ రోజే శస్త్రవైద్యులు రామలింగం గారి గదికి తానే వెంటబెట్టుకొని పోయేవారు. ఇప్పుడు బాధ్యతలు అందుకుంటున్న స్రవ్యకు ఆమె అప్పగించినది ఈ అలవాటునే.

ఈ నెలాఖరున జరిగే తన పదవీ విరమణ సభలో శాలువా కప్పవలసిందిగా మొగులయ్య గారిని పిలవడానికి ఆమె తానే కిషన్‌బాగ్ వెళ్లారు. పై గుండీ విప్పి ఉన్న చొక్కాతోనే ఎదురొచ్చారాయన. ఆమె చూపు అక్కడ ఆగడం గమనించి, “గిప్పటికి గదే జూస్తున్నవా అమ్మా? ఉండనీ తీ, జర గాలి ఆడ్తది” అని నవ్వారు. సక్కుబాయి గారు నవ్వలేదు. ఆయన కుడిచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకొని, బొటనవేలి మొదలును ఒకసారి తడిమి, కళ్లకద్దుకున్నారు.

ఆ చేతులే ఆ సభలో ఆమెకు శాలువా కప్పుతాయి. సర్వేశ్వరుడు సక్కుబాయి గారికి, భర్త ప్రకాశం గారితోను, కుమార్తె ప్రీతితోను కలిసి నూరేళ్ల నిండు ఆరోగ్యాన్ని అనుగ్రహించుగాక! ప్రతి ఉదయం తన అరచేతులను చూసుకొనే వేళ, నొప్పి తగ్గి నిద్రపోయిన వేలాది చేతులు ఆమెకు గుర్తుకు వచ్చుగాక. ఆ ఒక్క గుండీ తాలూకు బరువు ఇకనైనా తేలికపడుగాక!